విశాఖ హెచ్‌ఎంలకు, కరస్పాండెంట్లకు: బడి తెరిచేముందు సిబ్బంది సంగతి కూడా చూడండి

విశాఖపట్నంలోని ప్రభుత్వ, జీవీఎంసీ (నగరపాలక సంస్థ), ఎయిడెడ్, ప్రైవేటు పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, యాజమాన్యాలకు నమస్కారం.

ఇంకొద్ది రోజుల్లో బడులు తెరుస్తారు. జూన్ 12 దగ్గరపడే కొద్దీ మనందరి ఫోన్లలోకి జాగ్రత్తల సర్క్యులర్లు రావడం మొదలవుతుంది. పిల్లలకు ఎండదెబ్బ తగలకుండా చూడాలి, దోమలు లేకుండా చూడాలి, వానకు గోడలు నానితే అటు పోనివ్వకూడదు. అన్నీ అవసరమైనవే, వాటిమీద నాకు పేచీ లేదు. కాకపోతే వాటిలో టీచరు ఎప్పుడూ 'చేయించాలి', ఆయా ఎప్పుడూ 'శుభ్రం చేయాలి', వంటమనిషి ఎప్పుడూ 'జాగ్రత్త వహించాలి'. ఆ టీచరే కళ్లు తిరిగి పడిపోతే, ఆ ఆయాకే జ్వరమొస్తే ఎవరు ఏం చేయాలో చెప్పిన కాగితం నా సర్వీసులో నా కంటపడలేదు.

నేను ఈ ఊళ్లోనే హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ప్రభుత్వ బడికి రాకముందు ప్రైవేటులోనూ పనిచేశాను కాబట్టి రెండు వైపుల సంగతులూ తెలుసు. ఈ లేఖ ప్రభుత్వానికి రాయకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను అడిగేవాటిలో చాలావాటికి పైనుంచి జీవో రానక్కర్లేదు. బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. మీ గదిలో మీ బల్ల దగ్గరే తేలిపోతాయి.

ముందు ఉక్క సంగతి. విజయవాడ చుట్టాలు ఫోన్ చేస్తే "మీకేంటండీ, సముద్రం పక్కనే ఉన్నారు" అంటారు. టీవీలో డిగ్రీలు చూసి అనే మాట అది. ఒంట్లో వేడి తగ్గాలంటే చెమట పడితే చాలదు, ఆ చెమట ఆరాలి. గాలిలో తేమ నిండిపోయి ఉన్న ఊళ్లో చెమట కారుతుంది గాని ఆరదు. పదకొండు గంటలకల్లా జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంది, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. వాతావరణ శాఖ వడగాలి లెక్క కట్టేటప్పుడు మైదానాలకు కనీసం 40 డిగ్రీలు పెట్టుకుని, తీరప్రాంతాలకు 37 డిగ్రీలే పెట్టుకుంది. ఆ 37 మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే చాలు, ఇక్కడ వడగాలే అంది. కాబట్టి '37 డిగ్రీలేగా' అని మనం తేలిగ్గా తీసుకోవడానికి లేదు. రుతుపవనాలు వచ్చి కుదురుకునేదాకా జూన్‌లో మన తరగతి గదులు ఇలాగే ఉంటాయి, అదీ రేకుల కప్పుకింద గదులైతే మరీను.

పిల్లలకు వాటర్ బెల్ పెట్టారు. చాలా మంచి పని. బెల్ మోగగానే నలభై మంది బాటిళ్లు తీసి గటగటా తాగుతారు. టీచరు మాత్రం తాగదు. తన బాటిల్ బల్లమీదే ఉంటుంది, సాయంత్రం ఎంత నీళ్లతో ఇంటికెళ్తుందో చూడండి. మగ మాస్టార్ల సంగతి వేరేమో గాని, మా ఆడవాళ్లు నీళ్లు తాగకపోవడానికి కారణం ఒక్కటే. తాగితే వెళ్లాలి. వెళ్లడానికి చోటుండదు, ఉన్నా టైముండదు.

నేను పనిచేసిన ఒక బడిలో స్టాఫ్ టాయిలెట్ తాళంచెవి ఆఫీసు గదిలో గుమాస్తా కుర్చీ వెనకాల మేకుకి వేలాడుతుండేది. పోకుండా ఉండటానికి దాన్ని డస్టర్ అంత చెక్కముక్కకి కట్టారు. ఫీజులు కట్టడానికి వచ్చిన తండ్రులు అక్కడ వరసలో నిలబడి ఉండేవారు. వాళ్ల మధ్యలోంచి వెళ్లి, గుమాస్తాని కాస్త జరగమని, ఆ చెక్కముక్క చేతిలో పట్టుకుని అందరిముందూ వరండా పొడవునా నడవాలి. ఆ నడకకి సిగ్గుపడి పొద్దున్న ఇంట్లో తాగిన కాఫీతోనే సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవాళ్లు స్టాఫ్‌రూమ్ నిండా ఉండేవారు. మాతోపాటు లెక్కలు చెప్పే ఒక మేడమ్‌కి మంటతో మొదలై, చలిజ్వరం, నడుముకి ఓ పక్క నొప్పి దాకా వచ్చింది. ఆసుపత్రికి వెళ్తే ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందన్నారు. వారంపాటు సెలైన్లు. యాజమాన్యం ఆ వారం జీతం కోసింది. తాళంచెవి మాత్రం అదే మేకుకి ఉంది.

కాబట్టి నా మొదటి విన్నపం ఇది. స్టాఫ్ టాయిలెట్‌కి బయట తాళం తీసేసి లోపల గడియ సరిచేయించండి. నీళ్లు, సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట పెట్టించండి. వరసగా మూడు పీరియడ్లు పడిన టీచరు ఐదు నిమిషాలు బయటికి వెళ్తే తరగతి చూసుకోవడానికి పక్క గది టీచరుకో, ఖాళీ ఉన్నవాళ్లకో టైంటేబుల్లోనే ఆ పని రాసిపెట్టండి. నోటిమాటగా వదిలేస్తే అడగడానికి మొహమాటపడతారు. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు, నెలసరిలో ఉన్నవాళ్లు ఎంత ఇబ్బంది పడతారో విడిగా చెప్పనక్కర్లేదు కదా.

ఎవరికైనా తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే ఫ్యాన్ కింద పడుకోబెట్టి ఓఆర్ఎస్ తాగించాలి. ప్యాకెట్ మీద రాసినట్టు లీటరు నీళ్లకు ఒక పెద్ద ప్యాకెట్ మొత్తం కలపాలి. గ్లాసుకి చెంచాడు చొప్పున వేసి దాచుకోకూడదు. కిరాణా కొట్లో అమ్మే తియ్యటి జ్యూస్ డబ్బాలు దానికి బదులు కావు. మాట తడబడుతోందన్నా, అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతున్నారన్నా, ఒళ్లు కాలిపోతోందన్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు పోస్తూ విసురుతూ ఉండాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర వేసుకునేవాళ్లు ఎండాకాలంలో దాని మోతాదు గురించి డాక్టరుగారిని ఒకసారి అడిగి పెట్టుకోవాలి. సొంతంగా మానెయ్యకూడదు.

వంటగది ఇంకా కష్టం. నగరం లోపల చాలా బడులకు భోజనం బయటి పెద్ద వంటశాల నుంచి వస్తుంది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి పల్లెల వైపు వెళ్తే బడిలోనే వండే చోట్లు ఉంటాయి. అలాంటి ఒక షెడ్డులో నిలబడి చూశాను. పైన రేకు, పక్కన పొయ్యి, గాలి వచ్చే దారి గుమ్మం ఒక్కటే. "ఇంత వేడిలో ఎలా ఉంటున్నావక్కా" అంటే "ఏటి సేత్తామమ్మా, పిల్లలకి గంట కొట్టేసరికి కూడు అవ్వాలి గదా" అంది. నెలకు మూడు వేల గౌరవ వేతనానికి చేసే పని అది. (గౌరవం అనే ముక్క కలిపితే వేతనం తగ్గించవచ్చని ఎవరికి తట్టిందో గాని.) అన్నం గుండిగ దించి గంజి వార్చేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలన్న నియమం పెట్టండి. నైలాన్ చీరమీద పైన వేసుకోవడానికి మందపాటి కాటన్ ఆప్రాన్, గుండిగ పట్టుకోవడానికి గుడ్డలు కొనివ్వండి. చెయ్యి కాలితే పేస్టు, సిరా, పసుపు పూయకుండా కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టమని గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. కిటికీ ఒకటి కొట్టిస్తే వచ్చే ఖర్చు బడి వార్షికోత్సవానికి వేసే షామియానా కన్నా తక్కువే అవుతుంది.

ఇక వానలు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. అంటే మనం బడిలో ఉండే వేళల్లోనే. మురుగులో కాక మంచినీళ్లు నిలవున్న చోట గుడ్లు పెడుతుంది. వేసవి సెలవులయ్యాక బడికి వెళ్తే నేను మొదట చూసేవి రంగుల టైర్లు. తోట అందంగా ఉండాలని పాత టైర్లకు ఎరుపు, పసుపు పూసి సగం పాతిపెడుతున్నాం కదా, వాటి లోపలి వంపులో ఒక్క వాన నీళ్లు చాలు. కిందటేడు ఒక టైరులోంచి గ్లాసుడు నీళ్లు తీసి తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాను. తలకిందులుగా వేలాడుతూ, గ్లాసు కదిపితే మెలికలు తిరుగుతూ కిందికి దిగిపోయే లార్వాలు. పిల్లలకు పాఠం బాగా ఎక్కింది. ఆ టైర్లకు అడుగున రంధ్రాలు పెట్టించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. శుక్రవారం డ్రై డే (నిలవనీళ్లు పారబోసే రోజు) అని మనం ఫొటోలు పెడుతున్నాం. నీళ్లు పారబోస్తే సరిపోదు, ఆ దోమ గుడ్లు తొట్టి గోడకి అంటుకుని నెలల తరబడి ఎండిపోయినా బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే లేస్తాయి. పీచుతో రుద్ది కడగాలి. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు కాబట్టి వారానికోసారి అన్న లెక్క. వాడని టాయిలెట్ల ఫ్లష్ ట్యాంకులు, మూత పగిలిన సింటెక్స్, కూలర్లు, మూలన పడేసిన బకెట్లు కూడా చూడండి.

జ్వరం వచ్చిన టీచరు పారాసెటమాల్ వేసుకుని బడికి వచ్చేస్తుంది, ఎందుకంటే ఆ రోజు క్లాసు చూసేవాళ్లు లేరు. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గుతున్నప్పుడు, సుమారుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యన. కడుపునొప్పి ఆగకపోయినా, వాంతులు పదేపదే అవుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి. బ్రూఫెన్, ఆస్ప్రిన్ లాంటి నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి, డెంగీ కాదని తేలేదాకా వేసుకోకూడదు. మీ ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో అవి ఉంటే తీసి పక్కన పెట్టండి. 'జ్వరం తగ్గిందిగా, రేపటి నుంచి రండి' అనడం కూడా మానండి.

వానాకాలంలో గడ్డి, పొదలు కొట్టేది ఆయాలు, వాచ్‌మన్‌లే. పొదల్లో ఉండే, కంటికి కనిపించనంత చిన్న పురుగుపిల్ల (చిగ్గర్) కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. జ్వరంతోపాటు చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూసుకుని డాక్టరుకి చూపించాలి. వేళకు గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గేదే. ఆ పని చేసేవాళ్లకు బూట్లు, ఫుల్ చేతుల చొక్కా ఇవ్వండి, పని అవగానే స్నానం చేసి బట్టలు మార్చుకోనివ్వండి.

ఆయాల గురించి ఇంకో మాట. టాయిలెట్ తెల్లగా మెరవాలని యాసిడ్ పోసి, వాసన పోవాలని దానిమీదే బ్లీచింగ్ చల్లడం చాలాచోట్ల అలవాటు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన నాలుగడుగుల గదిలో వంగి రుద్దుతున్న మనిషికి కళ్లు మండి, దగ్గు తెరలు తెరలుగా వస్తే 'ఈ వాసన మాకు అలవాటేనమ్మా' అంటారు వాళ్లు. అలవాటు కాదది, ఊపిరితిత్తులు కాలడం. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టనివ్వకండి. గ్లౌజులు ఇచ్చామని రిజిస్టర్లో రాసుకోవడంతో ఆగకుండా చిరిగినవి ఎప్పుడు మార్చారో కూడా చూడండి. తాగునీటి ట్యాంకుకి బ్లీచింగ్ వెయ్యాలంటే మంచి రకం పొడి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, వేసిన గంట తర్వాతే వాడాలి. దోసిలితో అంచనా వేసి పోసే పని కాదు.

చలికాలం గురించి పెద్దగా చెప్పను. పోర్టు, ఫ్యాక్టరీల వైపు ఉన్న బడుల్లో ఆ నెలల్లో బల్లలమీద దుమ్ము వేలితో రాస్తే అక్షరం పడుతుంది. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టించండి, ఆస్తమా ఉన్నవాళ్ల ఇన్‌హేలర్ ఎక్కడుందో పక్కవాళ్లకు తెలియాలి. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష ఉచితంగా చేస్తారు, చిన్నవాల్తేరు ఛాతీ ఆసుపత్రి పేరు వింటేనే భయపడి దాచుకునేవాళ్లు స్టాఫ్‌లో ఉంటారు. మూడు వారాలైనా గొంతు బొంగురు పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. అరవై మంది క్లాసులో రోజుకి ఆరు పీరియడ్లు అరిచే టీచరుకి చిన్న మైకు కొనివ్వడం విలాసమేం కాదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయానికి వస్తాను. మన ఊరి పెద్ద ప్రమాదాల్లో మూడింటిని ఒకసారి తేదీలతో చూడండి. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ పేలుడు 1997 సెప్టెంబరు 14న, పొద్దున్నే, ఆదివారం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, అదీ ఆదివారమే. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకయింది 2020 మే 7న, తెల్లవారుజామున మూడు గంటల వేళ, లాక్‌డౌన్‌తో బడులన్నీ మూసి ఉన్న రోజుల్లో. మూడుసార్లూ మన గదులు ఖాళీగా ఉన్నాయి. దీన్ని సింహాద్రి అప్పన్న దయ అంటే నేనూ దణ్ణం పెడతాను. కానీ ఇంకోటి గురువారం పదకొండు గంటలకు రాదని ఎవరు హామీ ఇస్తారు?

ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం వైపు బడుల్లో గ్యాస్ లీక్ డ్రిల్ ఎన్ని చేస్తున్నాయో మీకే తెలుసు. డ్రిల్ అంటే పిల్లల్ని గ్రౌండులో వరసలో నిలబెట్టి ఫొటో తీయడం అనుకుంటున్నాం. గ్యాస్ వచ్చినప్పుడు గ్రౌండులోకి రావడం ఒక్కోసారి ఇంకా ప్రమాదం. స్టైరీన్ లాంటివి గాలికన్నా బరువు, కింద పాకుతాయి. ముందు గాలి ఎటు వీస్తోందో తెలియాలి. డాబా మీద ఒక కర్రకి గుడ్డ పీలిక కట్టి ఉంచితే చాలు, ఆఫీసు గుమ్మంలోంచి కనిపిస్తుంది. వెళ్లాల్సి వస్తే గాలి వీసే దారికి అడ్డంగా, పక్కకి వెళ్లాలి, గాలితోపాటు పరుగెత్తకూడదు. వెళ్లే వీలు లేకపోతే తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కి, అధికారుల మాట కోసం ఆగాలి.

డ్రిల్లు జరిగినప్పుడు నేను గమనించినది ఇంకొకటుంది. పిల్లల్ని అటెండెన్స్ రిజిస్టరు చూసి లెక్కపెడతాం. టీచర్లను హెచ్‌ఎం గారు లెక్కపెడతారు. వంటమనుషుల్ని, ఆయాల్ని, వాచ్‌మన్‌ని, మధ్యాహ్నం బస్సులో నిద్రపోతున్న డ్రైవర్ని, క్లీనర్‌ని ఎవరూ లెక్కపెట్టరు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. ఆవరణలో ఆ పూట ఉన్న ప్రతి మనిషి పేరూ ఒకే కాగితం మీద ఉండాలి. పక్కనే ఇంటివాళ్ల ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, వాళ్లు ఒప్పుకుంటే రోజూ వాడే మందుల పేర్లు కూడా రాసి పెట్టండి.

తుపాను వెళ్లిపోయిన మర్నాడు కూడా సిబ్బందికి ప్రమాదమే. బడి ఎప్పుడు తెరుస్తారో చెప్పకముందే 'శుభ్రం చేయించండి' అని ఫోన్లొస్తాయి. విరిగిన రేకులు, వేలాడే కరెంటు తీగలు, తడిసిన స్విచ్ బోర్డులు. కరెంటు వాళ్లు వచ్చి చూసి సరేననేదాకా ఆవరణలోకి ఎవర్నీ పంపకండి. మేకులు గుచ్చుకుంటాయి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో ముందే రాసి ఉంచుకోవాలి. నిలవ నీళ్లలో ఎలకల మూత్రం కలిసి ఉండొచ్చు, కాళ్లకు పుండ్లున్నవాళ్లు బూట్లు లేకుండా దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు.

బస్సు డ్రైవర్లకు మధ్యాహ్నం పడుకోవడానికి ఫ్యాను ఉన్న ఒక గది చూపించండి. మధురవాడ, పెందుర్తి వైపు పొద్దున్న ఆరుకే బండి తీసినవాళ్లు మళ్లీ నాలుగింటికి మన పిల్లల్ని ఎక్కించుకుని హనుమంతవాక కూడలి దాటాలి. ఎండలో నిలబెట్టిన బస్సులో ఆ మధ్య నాలుగు గంటలు నిద్ర పడుతుందా?

చివరగా సెలవు. ప్రభుత్వ బడుల్లో సెలవు కాగితం మీద ఉంటుంది, వాడుకుంటే సహోద్యోగి మీద భారం పడుతుందని మొహమాటం. ప్రైవేటులో సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది, పరీక్షల ముందైతే ఉద్యోగమే పోతుందేమోనన్న టెన్షన్. కరస్పాండెంట్ గారూ, డాక్టరు చీటీ ఉన్న జ్వరానికి జీతం కోయనని ఈ ఏడాది స్టాఫ్ మీటింగులో ఒక్క మాట చెప్పండి. మీకు నష్టమనిపిస్తే లెక్క వేసి చూసుకోండి. జ్వరంతో వచ్చిన ఒక్క టీచరు స్టాఫ్‌రూమ్‌లో దగ్గితే తర్వాతి వారం ఎంతమందికి సబ్‌స్టిట్యూట్ వెతకాల్సి వస్తుందో మీకు అనుభవమే.

తెరిచేరోజు స్టాఫ్ మీటింగ్ ఎలాగూ పెడతారు. ఫలితాల శాతాలు, అడ్మిషన్లు మాట్లాడాక ఓ పావుగంట మిగుల్చుకుని వంటమనుషుల్ని, ఆయాల్ని, వాచ్‌మన్‌ని, డ్రైవర్లని కూడా లోపలికి పిలిచి కుర్చీలు వేయించండి. వాళ్లేం అడుగుతారో వినండి. పేర్ల కాగితం ఆ రోజే రాయించి, సెప్టెంబరు లోపు డ్రిల్ తేదీ అక్కడే ఖాయం చేసి నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
విశాఖపట్నం